నూట నలభై నాలుగు

బుధవారం సూప్ భోజనాలు అయిపోయాక
చాపెల్ వెనకగదిలో
లవ్‌డే నాన్‌కారో కడుగుతుంది, నేను తుడుస్తాను.
మా ఇద్దరి మధ్య ఉన్న వేదాంతమంతా ఇదే.
మిగిలింది పాస్టరుగారు చూసుకుంటారు,
కార్న్‌వాల్ అంచున ఇంకో ఐదు చాపెళ్ళు ఆయన నెత్తినే ఉన్నాయి కనక
మూడు వారాలకోసారి, తడి గొడుగుతో.

కప్పులన్నీ ఒకటే రంగు, ఉడికిన బఠాణీ రంగు.
మందం. కింద పడితే దెబ్బ నేలకే.
యుద్ధం అయిపోయిన మరుసటేడు
చందాలు వేసుకుని కొన్నారట, నూట నలభై నాలుగు.
పెళ్ళికీ అవే, ఖననానికీ అవే,
ఆ రెంటి నడుమ వచ్చే బుధవారాలన్నిటికీ అవే.

లవ్‌డే ప్రతిసారీ లెక్కపెడుతుంది.
పెదాలు కదుపుతూ, డజను తర్వాత డజను.
అల్మారా తలుపు లోపల మేకుకి వేలాడే పుస్తకంలో
తేదీ వేసి రాస్తుంది.
ముందు పేజీల్లో వాళ్ళమ్మ దస్తూరీ, నిటారుగా.
తర్వాత ఈమెది, గాలికి వాలినట్టు.
తల వెంట్రుకలే లెక్కలో ఉన్నాయని నమ్మేవాళ్ళకి
కప్పులొక లెక్కా అని
లోలోపల నవ్వుకునేదాన్ని.

ఆ జనవరి రాత్రి
సముద్రం రేవుగోడ దాటి, చేపలబజారు దాటి
బూట్లు విప్పకుండా ఇళ్ళలోకి వచ్చేసింది.
ఎత్తుమీద మిగిలింది మేమే.
మామ్మల్ని కిటికీల్లోంచి దించి ట్రాక్టర్లో తెచ్చాడు డెన్జిల్.
డాఫొడిల్ పూలు కోయడానికొచ్చిన బల్గేరియా కుర్రాళ్ళు
కారవాన్లు మునిగి, పరుపులు నెత్తిన పెట్టుకుని వచ్చారు.
మా మెట్లు ఏనాడూ ఎక్కని పబ్బు యజమాని
రెండు గిన్నెల మాంసం పులుసు మోసుకొచ్చి
మందు ముట్టమని మా తాతలు సంతకాలు పెట్టిన బల్లమీదే దించాడు.
బీరు పోసి వండాడని నాలుక చెబుతూనే ఉంది.
ఎవరూ ఏమీ అనలేదు.
మిసెస్ ట్రెవాస్కిస్ రెండోసారి వడ్డించుకుంది.

ఆర్గన్ పక్కన ఎవరిదో గురక.
పాటల పుస్తకాలే తలగడలు.
స్తోయన్ అనే కుర్రాడు తెల్లవార్లూ కెటిల్ దగ్గరే నిలబడి
"టీ" అన్న ఒక్క మాటతో
ఊరందరితోనూ మాట్లాడాడు.

నేనొక కప్పు పట్టుకుని రేవుకి వెళ్ళాను.
అక్కడ జోరీ, పడవ తాళ్ళు వదలకుండా.
తమ్ముణ్ణి మా చాపెల్లోంచి మోసుకెళ్ళిన రోజునుంచి
అతనికి దేవుడితో మాటల్లేవు.
మాతో ఉన్నాయో లేదో
అడిగే ధైర్యం మాకు లేకపోయింది.
రెండు చేతులూ తాళ్ళకే సరిపోయాయి,
నేనే తాగించాను. సగం ఉప్పునీళ్ళే.
ఇంకో కెరటం లేస్తుంటే
కప్పు పడవలో పడేసి పరిగెత్తాను.

బురద కడగడానికి వారం పట్టింది.
లెక్క, నూట నలభై మూడు.
మళ్ళీ పెట్టింది. మళ్ళీ.
నేను గుడ్డ పిండుతూ కిటికీలోంచి బయటికి చూశాను.
చెబితే వెళ్ళి అడుగుతుంది.
లవ్‌డే అడగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.
కొత్తదొకటి కొనేద్దామన్నారు కమిటీలో.
"సంఖ్య కోసం కాదు" అంది.
మరి దేనికోసమో చెప్పలేదు.

మే నెలలో, రేవుమీద నడుస్తూ నడుస్తూ ఆగింది.
పడవ కిటికీలో బఠాణీ రంగు.
గ్రీజు వేలిముద్రలు, పైన ఆవిరి.
జోరీ చూశాడు. కప్పు దాచబోయి, మానేశాడు.
"పెచ్చు లేచిందా?"
"లేదు."
"చక్కెర ఎన్ని చెంచాలు?"
"మూడు."
"ఎక్కువ" అని నడిచిపోయింది.

ఆ బుధవారం పుస్తకంలో
అల్మారాలో నూట నలభై మూడు, అని రాసి
దాని కింద, మరికాస్త వాలిన అక్షరాల్లో
నీళ్ళమీద ఒకటి, అని రాసి
గీత గీసి కూడిక వేసింది.
నా వైపు చూడకుండా తడి కప్పొకటి అందించి
"ఆ రాత్రి నీ బూట్లు ఎక్కడ తడిశాయో
నాకు తెలియదనుకున్నావా?" అంది.

తొట్టిలో నీళ్ళు చల్లారిపోయాయి.
ఇంకా మూడు డజన్లున్నాయి.